ముందు గాలి, తర్వాత పడవ: లివ్‌అబోర్డ్ డైవింగ్ రూట్లపై అపోహలు – వాస్తవాలు

నేను డైవ్ గైడ్‌ని. ఏడాదిలో సగం మాల్దీవుల్లో సఫారీ పడవల మీద, మిగతా సగం గోపాల్‌పూర్‌లో మా ఇంట్లో ఉంటాను. ఇంటికొచ్చిన ప్రతిసారీ బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి నుంచి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "మాస్టారూ, వారం రోజులు పడవలోనే ఉండి డైవింగ్ చేసే లివ్‌అబోర్డ్ ప్యాకేజీ ఒకటి చూశాం, అడ్వాన్సు కట్టేయమంటారా?" అని. ఏ నెలలో అని అడిగితే పిల్లల సెలవులను బట్టి అంటారు. మా నాన్న తెప్ప దించే ముందు ఒడ్డున పది నిమిషాలు నిలబడి, గాలి ఎటు తిరిగింది, నీరు ఎటు లాగుతోంది అని చూసేవాడు. రూటు ఎంచుకోవడం కూడా అదే పని.

అపోహ: మాల్దీవులు ఏ నెలలో వెళ్లినా ఒకటే.

వాస్తవం: అక్కడ రెండు గాలులు. దాదాపు డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు ఈశాన్యం, దాన్ని అక్కడివాళ్లు ఇరువై అంటారు. మే నుంచి నవంబరు వరకు నైరుతి, అది హుళంగు. ఈశాన్య గాలి కాలంలో సముద్రపు నీరు తూర్పు నుంచి అటోల్‌లోకి, అంటే ఉంగరంలా ఉండే పగడపు దీవుల వలయంలోకి, వచ్చి పడమర వైపు బయటికి పోతుంది. నీరు వచ్చే వైపు తేటగా ఉంటుంది, సొరచేపలు ఆ వలయం అంచున ఉండే కాలువల ముఖాన చేరతాయి. బయటికి పోయే వైపు ప్లాంక్టన్, అంటే నీటిలో తేలే సూక్ష్మజీవులు, ఎక్కువ, దాన్ని తినడానికి మాంటా రేలు అనే పెద్ద టేకు చేపలు వస్తాయి. నైరుతి మొదలైతే ఇదంతా తిరగబడి మాంటాలు తూర్పు వైపుకు మారతాయి. అంటే ఫిబ్రవరిలో మాంటాలు కనిపించిన చోటే ఆగస్టులో దిగితే అవి దొరకకపోవచ్చు. ఆ తప్పు గైడుది కాదు, మీరు ఎంచుకున్న నెలది.

ఇంకో మాట. బా అటోల్‌లోని హనీఫారులో జూన్ నుంచి నవంబరు మధ్య మాంటాలు గుంపులు గుంపులుగా మేతకు వస్తాయి. ఆ ఫోటోలు చూపించి డైవింగ్ ప్యాకేజీలు అమ్ముతారు. కానీ అక్కడ గాలి ట్యాంకుతో దిగడం నిషేధం, స్నార్కెలింగ్ మాత్రమే, అంటే నోట్లో గొట్టం పెట్టుకుని నీటి మీదే ఈదుతూ చూడడమే, చేయాలి.

మిగతా చోట్లా ఇంతే. థాయ్‌లాండ్‌లో సిమిలన్ దీవుల జాతీయ పార్కు అక్టోబరు మధ్య నుంచి మే మధ్య వరకే తెరిచి ఉంటుంది. ఫిలిప్పీన్స్‌లో టుబ్బతహా పగడపు దిబ్బలు మార్చి మధ్య నుంచి జూన్ మధ్య వరకు, ఆ మూడు నెలలే. ఇండోనేషియాలో చాలా పడవలు అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా రాజా అంపత్‌లో, తర్వాత కొమొడోలో తిరుగుతాయి. పడవలే గాలి చూసి మకాం మారుస్తుంటే, మనం సెలవులు చూసి రూటు ఎంచుకుంటే ఎలా?

అపోహ: ఓపెన్ వాటర్ కార్డు ఉంది, ఈత బాగా వచ్చు. ఏ రూటైనా ఎక్కొచ్చు.

వాస్తవం: దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఓపెన్ వాటర్ అంటే డైవింగ్‌లో మొదటి కోర్సు, ఆ కార్డుతో 18 మీటర్ల దాకా దిగొచ్చు. మాల్దీవుల్లో పేరున్న కాలువ డైవ్‌లు, అక్కడ కండు అంటారు, 25–30 మీటర్ల దగ్గర జరుగుతాయి, పైగా ప్రవాహంలో. రుషికుల్య మొగ దగ్గర పోటుకి నీరు లోపలికి ఎలా తోసుకొస్తుందో చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. అమావాస్య, పున్నమి రోజుల్లో ఆ తోపుడు ఇంకా పెరుగుతుంది.

ఒకసారి పున్నమికి ముందు రోజు, వావు అటోల్‌లో, మన వైపు నుంచే వచ్చిన ఒక అబ్బాయి నా గుంపులో ఉన్నాడు. అప్పటికి చేసినవి ఎనిమిది డైవ్‌లే. ట్యాంకులో 200 బార్ గాలి ఒత్తిడితో, అంటే నిండు ట్యాంకుతో, దిగాడు. కాలువ అంచుకు చేరగానే రెండు చేతులతో రాయిని పట్టుకున్నాడు. వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి, నోట్లోని రెగ్యులేటర్ నుంచి బుడగలు ఆగకుండా వస్తున్నాయి. గాలి ఎంత మిగిలిందో చూపే గేజ్ చూస్తే 90. దిగి పన్నెండు నిమిషాలు కూడా కాలేదు. అతని జాకెట్ పట్టీ పట్టుకుని, ఒక్కొక్క వేలూ రాయి మీద నుంచి తీసి, ప్రవాహంతో పాటే అటోల్‌లోకి కొట్టుకుపోతూ మెల్లగా పైకి తీసుకొచ్చాను. భద్రత కోసం 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి, నారింజ రంగు మార్కర్ బోయా పైకి వదిలితే మా చిన్న పడవ, దోణి, వచ్చింది. పైకి వచ్చాక అతను, "అన్నా, ఇలా ఉంటుందని ఎవరూ చెప్పలేదు" అన్నాడు. ఎన్ని డైవ్‌లు చేశావని ఒక్క మాటైనా అడగకుండా ఆ రూటు అమ్మిన ఏజెంటు మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆ ఉదయం అతని లాగ్‌బుక్ నేనూ తిప్పి చూడాల్సింది. అప్పటి నుంచి చూడనిదే ఎవరినీ దించను.

అందుకే చెబుతున్నా, మొదట ఆండమాన్ వెళ్లండి. స్వరాజ్ ద్వీప్‌లో, అదే మన పాత హేవ్‌లాక్‌లో, ఒడ్డున బస చేసి రోజూ పడవలో వెళ్లి దిగండి. పాతిక ముప్పై డైవ్‌లు చేసి, అడ్వాన్స్‌డ్ కోర్సు పూర్తి చేసి, అప్పుడు లివ్‌అబోర్డ్ ఆలోచించండి. గుంపుగా వెళ్తే అందులో అందరికంటే తక్కువ అనుభవం ఉన్న మనిషిని బట్టి రూటు ఎంచుకోండి.

అపోహ: నైట్రాక్స్ ఉంటే ఇంకా లోతుకు వెళ్లొచ్చు.

వాస్తవం: సరిగ్గా తలకిందులు. నైట్రాక్స్ అంటే మామూలు గాలి కంటే ఆక్సిజన్ ఎక్కువ ఉన్న మిశ్రమం. 32 శాతం ఆక్సిజన్ మిశ్రమంతో సుమారు 34 మీటర్లే హద్దు. దాటితే ఆక్సిజనే విషమవుతుంది. లాభం సమయంలో ఉంది. డైవింగ్ శిక్షణ సంస్థ పాడి (PADI) టేబుల్ ప్రకారం 18 మీటర్ల దగ్గర మామూలు గాలితో 56 నిమిషాలు, 32 శాతం నైట్రాక్స్‌తో 95 నిమిషాలు ఉండొచ్చు. రోజుకు మూడు నాలుగు డైవ్‌లు ఉండే పడవ మీద ఇది బాగా పనికొస్తుంది. మాల్దీవుల్లో ఎలాగూ 30 మీటర్లు దాటకూడదని నిబంధన ఉంది.

అపోహ: భూమధ్యరేఖ దగ్గర నీళ్లు వెచ్చగా ఉంటాయి.

వాస్తవం: పసిఫిక్‌లోని గలాపగోస్ దీవులు భూమధ్యరేఖ మీదే ఉన్నాయి. జూన్ నుంచి నవంబరు వరకు, తిమింగల సొరలు వచ్చే కాలంలోనే, చల్లటి ప్రవాహాల వల్ల అక్కడ నీరు 20 డిగ్రీల కిందికి కూడా దిగుతుంది. మందపాటి వెట్‌సూట్ తప్పదు.

అపోహ: ఆఖరి రోజు పొద్దున్న ఒక డైవ్ చేసి సాయంత్రం విమానం ఎక్కొచ్చు.

వాస్తవం: వద్దు. డైవింగ్‌లో ఒంట్లో చేరిన నైట్రోజన్ పూర్తిగా పోకముందే విమానం ఎక్కితే, పైన ఒత్తిడి తగ్గి అది బుడగలు కడుతుంది. వరసగా కొన్ని రోజులు డైవింగ్ చేశాక కనీసం 18 గంటలు ఆగాలి. నేను 24 గంటలు ఆగమంటాను. మాలే నుంచి బరంపురం చేరాలంటే విమానం మారాలి, ఆపైన రైలు. దారిలో కీళ్ల నొప్పి, తిమ్మిరి మొదలైతే చూసే డాక్టరు ఎక్కడ దొరుకుతాడు? ఆ ఒక్క డైవ్ వదిలేయండి. డైవింగ్ ఇన్సూరెన్స్ మాత్రం వదలొద్దు.

అపోహ: పడవ పెద్దది, కొత్తది అయితే భద్రమే.

వాస్తవం: 2019 సెప్టెంబరు 2 తెల్లవారుజామున కాలిఫోర్నియా తీరంలో కన్సెప్షన్ అనే డైవ్ పడవలో మంటలు లేచి 34 మంది చనిపోయారు. చాలామంది కింది డెక్‌లో నిద్రలో ఉన్నారు. బయటికి వచ్చే రెండు దారులూ మంటలున్న ఒకే గదిలోకి తెరుచుకున్నాయి. రాత్రి కాపలాకు ఎవరూ తిరగలేదు. అందుకే అడ్వాన్సు కట్టే ముందే వాట్సాప్‌లో అడగండి: రాత్రంతా మేలుకుని ఎవరు తిరుగుతారు? కెమెరా, టార్చి బ్యాటరీలు ఎక్కడ చార్జింగ్ పెడతారు, అప్పుడు దగ్గర ఎవరుంటారు? గదుల నుంచి రెండో దారి ఎటు? జవాబు తడబడితే ఆ పడవ వద్దు.

మా పడవ మీద మొదటి రాత్రి పడుకునే ముందు ఒక్కొక్కరినీ నేనే ఆ రెండో దారికి తీసుకెళ్తాను. దీపాలు ఆర్పించి, తలుపు వాళ్ల చేతే తీయిస్తాను. మీరు ఎక్కిన పడవలో ఎవరూ ఇది చూపించకపోతే, అడిగి, తీసి చూసి, అప్పుడు పడుకోండి.