బెజవాడ ఎండకు చిక్కటి ఆయిల్ పోయాలా? ఆయిల్ మీద అపోహలు, వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో మా ఆయిల్ దుకాణానికి వచ్చే డ్రైవర్లలో సగం మంది ఇంజన్‌లో ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ పుల్ల లాగి, చుక్క వేలికి అద్దుకుని, బొటనవేలితో రుద్ది తీర్పు చెప్పేస్తారు: "పలచబడిపోయిందండీ, మార్చాలి." అప్పుడే ఆపిన ఇంజన్‌లోంచి తీసిన ఆయిల్ పలచగా కాక గడ్డపెరుగులా ఉంటుందా?

అపోహ: నల్లబడిందంటే ఆయిల్ పని అయిపోయింది.

డీజిల్ ఇంజన్‌లో పోసిన ఆయిల్ కొద్ది రోజులకే నల్లబడుతుంది. మసిని లోహానికి అంటుకోనివ్వకుండా తనలో కలుపుకుని తిరగడం దాని పని. పాత లారీలో నెల తిరిగినా తేనె రంగు పోకపోతేనే నాకు అనుమానం. రంగు కాదు, మసిని మోసే శక్తి మిగిలి ఉందా అన్నది చూడాలి. వడపోత కాగితం మీద ఒక చుక్క వేసి రాత్రంతా వదిలేయండి. నలుపు మధ్య నుంచి అంచు దాకా సమానంగా పాకితే ఫరవాలేదు. మధ్యలో కాటుక బొట్టులా ముద్దకట్టి, చుట్టూ మాత్రం శుభ్రంగా ఉంటే మార్చాల్సిందే. నీళ్లు కలిశాయని అనుమానమైతే కాలిన పెనం మీద చుక్క వేస్తే చిటపటలాడి చెప్పేస్తుంది. ల్యాబ్ రిపోర్టుకు ఇవి సాటి రావు గానీ, వేలితో రుద్దడం కంటే వెయ్యి రెట్లు నయం.

అపోహ: మన ఎండలకు చిక్కటి ఆయిల్ మంచిది.

మే నెలలో ఈ మాట రోజూ వింటాను. డబ్బా మీద రాసే 15డబ్ల్యూ-40 అనే ఇంజన్ ఆయిల్ గ్రేడ్‌లో 15 అన్నది చలిలో ఆయిల్ ఎంత సులువుగా కదులుతుందో చెప్పే అంకె. 40 అన్నది 100 డిగ్రీల దగ్గర దాని చిక్కదనం. బయట 30 డిగ్రీలున్నా 45 ఉన్నా, ఇంజన్ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్, రేడియేటర్ సవ్యంగా ఉంటే లోపలి వేడి పెద్దగా మారదు. కంపెనీ పుస్తకంలో వాతావరణాన్ని బట్టి గ్రేడ్ల పట్టిక ఉంటే అదే ప్రమాణం. అందులో లేని చిక్కటి ఆయిల్ పోస్తే పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో దాకా చేరడానికి ఆలస్యమవుతుంది. బేరింగ్‌కు ఆ కొద్ది క్షణాలే ప్రమాదం.

అపోహ: అంకె పెద్దదైతే ఆయిల్ చిక్కన.

ఒక పొక్లెయిన్ యజమాని ఇంజన్‌లో ఆయిల్ తగ్గితే, చేతిలో ఉన్న హైడ్రాలిక్ ఆయిల్ 68 రెండు లీటర్లు పోసి వచ్చారు. "నలభై కంటే అరవై ఎనిమిది ఎక్కువే కదండీ!" అన్నారు. ఎక్కువే, కానీ కొలబద్ద వేరు. హైడ్రాలిక్ 68 అంటే 40 డిగ్రీల దగ్గర 68 సెంటీస్టోక్స్ (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం). అదే వేడిలో 15డబ్ల్యూ-40 ఇంజన్ ఆయిల్ వంద దాటుతుంది. అంటే ఆయన పోసింది పలచటిది. పైగా మసిని పట్టుకునే రసాయనాలు అందులో ఇంజన్‌కు కావలసినన్ని ఉండవు. మొత్తం దించి, ఫిల్టర్‌తో సహా మార్పించాను. గేర్ ఆయిల్ 90ది మూడో కొలబద్ద. 100 డిగ్రీల దగ్గర 90 నంబరు 13.5 సెంటీస్టోక్స్ నుంచి మొదలవుతుంది, ఇంజన్ ఆయిల్ 40 అయితే 12.5 నుంచి. రెండూ దాదాపు ఇరుగుపొరుగే!

అపోహ: జీఎల్-4 కంటే జీఎల్-5 మేలు రకం.

ఇవి గేర్ ఆయిల్‌లో రకాలు. వెనక యాక్సిల్‌కు అవును. గేర్‌బాక్స్‌లో గేరు మార్చేటప్పుడు వేగాలు కలిపే ఇత్తడి సింక్రోనైజర్ రింగులుంటే, జీఎల్-5లో ఎక్కువ మోతాదులో ఉండే గంధకం, భాస్వరం వాటిని తినేయవచ్చు. ట్రాక్టర్‌కు ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులుంటే గేర్ ఆయిల్ 90 జోలికే వెళ్లకండి, దానికి విడిగా ట్రాక్టర్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ఉంది.

అపోహ: బీఎస్-6 బండికి పాత ఆయిలే చాలు, కొత్తది అమ్ముకోవడానికి చెబుతారు.

బీఎస్-6 అంటే పొగ కాలుష్యానికి పెట్టిన ప్రమాణం. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన ఈ డీజిల్ బండ్ల సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. మసి కాలిపోతుంది, ఆయిల్ వదిలే బూడిద కాలదు, పేరుకుంటూ ఉంటుంది. అందుకే తక్కువ బూడిద ఇచ్చే సీకే-4 లాంటి డీజిల్ ఇంజన్ ఆయిల్ రకం అడుగుతారు. ఫిల్టర్ ధర ముందు ఆయిల్‌లో మిగిలే డబ్బు ఏపాటిది?

ఎర్ర గ్రీజు గొప్పదన్న మాట గురించి ఎక్కువ చెప్పను. ఆ ఎరుపు కలిపిన రంగు మాత్రమే.

పొక్లెయిన్ లాంటి యంత్రాలకు ఆయిల్ మార్చడానికి కిలోమీటర్లు కాదు, నడిచిన గంటలు లెక్క. మొన్న గుంటూరు నుంచి వచ్చిన ఒకాయనను ఆయిల్ మార్చి ఎన్ని గంటలైందని అడిగాను. "సంక్రాంతికి మార్చామండీ" అన్నారు. గంటల మీటర్ ఆగిపోయి ఏడాదైందట. ముందు మీటర్ బాగుచేయించుకోమని పక్క వీధిలోని ఎలక్ట్రీషియన్ దగ్గరికి పంపించాను.