బందీపై చెయ్యి చేసుకోకూడదన్న నిబంధన ఎక్కడ సడలింది?

చిక్కిన శత్రువును హింసించకూడదని అమెరికా సైన్యం రాసుకున్నది నిన్నమొన్న కాదు. అంతర్యుద్ధం సాగుతుండగానే 1863 ఏప్రిల్ 24న లింకన్ ప్రభుత్వం జనరల్ ఆర్డర్ 100 అనే సైనిక ఉత్తర్వు జారీ చేసింది. న్యాయపండితుడు ఫ్రాన్సిస్ లీబర్ రాసిన ఆ 157 అధికరణాల్లో పదహారోది సూటిగా ఉంటుంది: సైనిక అవసరం పేరు చెప్పి క్రూరంగా ప్రవర్తించకూడదు, నేరం ఒప్పించడానికి చిత్రహింస పెట్టకూడదు.

1949 నాటి మూడో జెనీవా ఒప్పందం ప్రకారం యుద్ధఖైదీ తన పేరు, హోదా, పుట్టిన తేదీ, సైనిక సంఖ్య చెబితే చాలు. ఇంకేమీ చెప్పనన్నాడని బెదిరించకూడదు, అవమానించకూడదు.

సైన్యం పద్ధతిలో పట్టుబడిన ప్రతి వ్యక్తికీ మూడు ముక్కల చీటీ రాస్తారు. ఒక ముక్క బందీ ఒంటికి, ఒకటి పట్టుకున్న దళానికి, మూడోది అతని వస్తువులకు. ఈ చీటీ చాలా ముఖ్యం. లెక్కలోకి ఎక్కని బందీకి ఏం జరిగినా అడిగే దిక్కుండదు. ఇరాక్‌లో అమెరికా సైన్యం నడిపిన అబూ గ్రైబ్ జైల్లో కొందరిని నమోదే చేయకుండా దాచినట్టు సైన్యం విచారణలోనే తేలింది.

అసలు సడలింపు 2002 ఫిబ్రవరి 7న మొదలైంది. అల్‌ఖైదాకు జెనీవా ఒప్పందం వర్తించదని, దాని సూత్రాలను సైనిక అవసరం అనుమతించిన మేరకు పాటిస్తే చాలని అధ్యక్షుడు బుష్ ఉత్తర్వు ఇచ్చారు. లీబర్ మూసిన తలుపే మళ్లీ తెరుచుకుంది. అదే ఏడాది డిసెంబరు 2న రక్షణమంత్రి రమ్స్‌ఫెల్డ్, క్యూబాలోని అమెరికా సైనిక జైలు గ్వాంటనామోకు 20 గంటల విచారణ, బట్టలు విప్పించడం, కుక్కలతో భయపెట్టడం ఆమోదించారు. నౌకాదళ ప్రధాన న్యాయ సలహాదారు అల్బెర్టో మోరా గట్టిగా అడ్డుపడ్డాక, 2003 జనవరి 15న వెనక్కి తీసుకున్నారు. ఈలోగా ఆ పద్ధతులు అఫ్గానిస్థాన్‌కు, అక్కణ్నుంచి ఇరాక్‌కు పాకాయి. ఏది అనుమతి, ఏది నేరం అన్నది కింది సిపాయికి తెలియకుండా పోయింది. 2004 ఏప్రిల్‌లో అబూ గ్రైబ్ బందీల హింస ఫొటోలు బయటపడ్డాక జైలుకు వెళ్లింది మాత్రం ఆ కిందివాళ్లే. ఇది అన్యాయమే.

వియత్నాంలో ఐదేళ్లకు పైగా బందీగా నలిగిన సెనెటర్ మెకెయిన్, బందీలపై క్రూరత్వాన్ని నిషేధిస్తూ తెచ్చిన సవరణకు 2005లో సెనెట్ 90-9 ఓట్లతో ఒప్పుకుంది. 2006 సెప్టెంబరు 6న వచ్చిన సైన్యం కొత్త విచారణ మాన్యువల్ నిషేధాలను పేరుపేరునా రాసింది: ముసుగు, కరెంటు షాకు, నీళ్లతో ఊపిరాడనివ్వకపోవడం, కుక్కలు, ఉత్తుత్తి మరణశిక్ష, తిండీ నీళ్లూ మందూ ఆపడం. 2015లో చట్టం ఈ హద్దులను గూఢచారి సంస్థ సీఐఏకూ వర్తింపజేసింది.

అయితే ఆ మాన్యువల్ చివర ఒక అనుబంధం ఉంది. కొందరు బందీలను 30 రోజుల వరకు విడిగా ఉంచవచ్చు, పొడిగించనూ వచ్చు. 24 గంటల్లో 4 గంటల వరుస నిద్ర ఇస్తే సరిపోతుంది. దీన్ని సమీక్షించాలని ఐక్యరాజ్యసమితి చిత్రహింస వ్యతిరేక కమిటీ 2014లో కోరింది.