ఉప్పు రవ్వ ఎప్పుడు పుడుతుంది? నా పని మీద అపోహలు - వాస్తవాలు

“ఉప్పు పండడానికి ఎండ సాల్దేటిరా, కంప్యూటరెందుకు?” నౌపడ ఉప్పు మళ్ల గట్టు మీద మా మావయ్య ఎప్పుడూ అడిగే మాట ఇది. ఉప్పునీటిలో మొదటి రవ్వ పుట్టడం లాంటి అరుదైన అణు సంఘటనలను సిమ్యులేషన్‌లో, అంటే అణువుల కదలికను కంప్యూటర్‌లో లెక్కగట్టి, పట్టుకోవడం నా ఉద్యోగం. మావయ్యను వదిలేయండి, ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకీ దీని మీద బోలెడు అపోహలు.

అపోహ: అరుదైనదంటే నెమ్మదిగా జరిగేది.
వాస్తవం: ఎదురుచూపే పొడుగు, జరగడం చిటికెలో. నాలుగైదు అయాన్లు (నీటిలో కరిగిన ఉప్పులోని సోడియం, క్లోరైడ్ రేణువులు) చేరతాయి, నీళ్లు విడదీస్తాయి. మళ్లీ చేరతాయి, మళ్లీ చెదురుతాయి. చిన్న గుంపులో లోపలి భాగం తక్కువ, అంచు ఎక్కువ. ఆ అంచు భారమే దాన్ని కరిగించేస్తుంది. ఎప్పుడో ఒక గుంపు ఆ గండం దాటేంత పెద్దదవుతుంది. ఇక పెరుగుతూనే పోతుంది.

అపోహ: పెద్ద మిషను ఉంటే చాలు.
వాస్తవం: సిమ్యులేషన్‌లో కాలం చిన్న చిన్న అడుగులుగా, ఒకదాని తర్వాతే ఒకటిగా నడుస్తుంది. మా అడుగు సాధారణంగా 2 ఫెమ్టోసెకండ్లు (ఫెమ్టోసెకండ్ అంటే సెకండులో పది కోట్ల కోట్లో వంతు). ఒక మైక్రోసెకండ్ (సెకండులో పది లక్షలో వంతు) చూడాలంటే 50 కోట్ల అడుగులు, ఒక్క సెకండుకైతే 5 కోట్ల కోట్లు!

అపోహ: ఇంతసేపు ఆగాం, ఇక వచ్చేస్తుంది.
వాస్తవం: పైడితల్లి సిరిమానుకి దసరా తర్వాతి మంగళవారం అని లెక్కుంది. అణువులకు క్యాలెండర్ లేదు. సగటు గడువు మొత్తం గడిచాక కూడా నూటికి 37 రన్‌లలో (రన్ అంటే సిమ్యులేషన్‌ను ఒకసారి నడపడం) ఏమీ జరిగి ఉండదు.

అపోహ: అరుదైన సంఘటన త్వరగా జరిగేలా అణువులను బలం పెట్టి తోస్తే మోసమే.
వాస్తవం: 1977లో టోరీ, వాలో చెప్పిన అంబ్రెల్లా శాంప్లింగ్‌లో ఎంత తోశామో మనకే తెలుసు కాబట్టి, డబ్బాతో తూచి ఖాళీ డబ్బా బరువు తీసేసినట్టు దాన్ని లెక్కలోంచి తీసేస్తాం. 2005 నాటి ఫార్వర్డ్ ఫ్లక్స్ పద్ధతిలో తోయడం కూడా ఉండదు. దారిని మెట్లుగా విడగొట్టి, మెట్టు ఎక్కిన చోటల్లా కొత్త రన్‌లు వదులుతాం.

అపోహ: గ్రాఫ్ నున్నగా వస్తే జవాబు సరైనదే.
వాస్తవం: నేను దెబ్బతిన్నది ఇక్కడే. నీటిలో సోడియం, క్లోరైడ్ జంట విడిపోవడాన్ని వాటి మధ్య దూరంతోనే కొలిచాను. గ్రాఫ్ ముచ్చటగా వచ్చింది. గ్రాఫ్ శిఖరం అంటే దాటాల్సిన గండం. దాని మీది ఒక్కో అమరిక నుంచి 20 రన్‌లు వదిలితే సగం అటు (విడిపోయే వైపు), సగం ఇటు (కలిసుండే వైపు) పోవాలి కదా? ఒక అమరిక నుంచి 19 ఇటే వచ్చాయి, ఇంకోదాన్నుంచి 20కి 20 అటే పోయాయి. చుట్టూ నీళ్లు సర్దుకుంటే గానీ ఈ జంట విడిపోదని గైస్లర్, డెల్లాగో, చాండ్లర్ 1999లోనే చూపించారు. చదివాను కూడా, బద్ధకించాను. వారం రోజుల రన్ చెరిపేసి, చుట్టూ ఉన్న నీటి అణువుల లెక్కను రెండో కొలతగా పెట్టి మళ్లీ మొదలెట్టాను.