గుహల్లో తాడు తెగేది బరువుకు కాదు: కేవింగ్ అపోహలు - వాస్తవాలు

కేవింగ్, అంటే గుహల్లోకి దిగి తిరగడం, నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు మొదటిరోజు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "ఈ తాడు నా బరువు ఆపుతుందా?" ఆపుతుంది, అందులో సందేహం అక్కర్లేదు. వాళ్లు అడగని ప్రశ్నే నాకు ముఖ్యం: ఈ తాడు పైనుంచి కిందిదాకా ఎక్కడెక్కడ రాయిని తాకుతోంది?

అపోహ: తాడు ఎంత లావుంటే అంత భద్రం

గుహల్లో వాడే నైలాన్ తాళ్లకు ఈఎన్ 1891 అనే యూరప్ ప్రమాణం ఉంది. దాని ప్రకారం 'ఎ' రకం తాడు కనీసం 22 కిలోన్యూటన్ల లాగుడును తట్టుకోవాలి, అంటే ఇంచుమించు 2,200 కిలోల బరువు. ముడి వేస్తే కొంత, తడిస్తే ఇంకొంత బలం తగ్గుతుంది. అయినా ఒక మనిషిని మోయడానికి కావాల్సిన దానికంటే చాలా ఎక్కువే మిగులుతుంది. అదే తాడు పదునైన సున్నపురాయి అంచు మీద ఒరుసుకుంటే మాత్రం ఈ లెక్కలేవీ పనికిరావు.

మనిషి అసెండర్లతో, అంటే తాడును పట్టుకుని పైకి మాత్రమే జరిగే పరికరాలతో, ఎక్కేటప్పుడు నిల్చుంటాడు, కూర్చుంటాడు, మళ్లీ నిల్చుంటాడు. ఒక్కో అడుగుకూ తాడు కాస్త సాగి, కాస్త ముడుచుకుంటుంది. పైన అంచు దగ్గర కూర్చుని గమనిస్తే తాడు ఒకేచోట కిందికీ పైకీ ఆడుతూ ఉంటుంది, రంపంతో కోసినట్టు. ముందు తాడు పైతొడుగు పోగులు లేస్తాయి. ఆ తర్వాత లోపలి తెల్లటి దారాలు బయటపడతాయి. ఎక్కేవాడు ముప్పై మీటర్ల కింద ఉంటాడు, అతనికి ఇదేమీ కనిపించదు.

లావు తాడు ఈ కోతను కాస్త ఆలస్యం చేస్తుంది, అంతే. పరిష్కారం తాడు కట్టే పద్ధతిలో ఉంది. తాడు గోడను ఒరుసుకునే చోట రీబిలే పెట్టాలి. అంటే అక్కడ రాయికి కొత్త యాంకర్ (తాడు కట్టే ఆధారం) వేసి, తాడును మళ్లీ కట్టి, దాని కిందనుంచి ఖాళీలో వేలాడేలా చూడాలి. తాడును కొద్దిగా పక్కకు లాగి ఉంచితే సరిపోయే చోట ఆ పక్కలాగుడు, అంటే డీవియేషన్, చాలు. రెండూ కుదరనప్పుడే తాడుకు ప్యాడ్ తొడగాలి. మొదటే ప్యాడ్ కోసం చెయ్యి చాచేవాళ్లను నేను పెద్దగా నమ్మను. అది అంగుళం జారినా కిందున్నవాళ్లకు తెలియదు.

అపోహ: మంచి కంపెనీ రాక్ క్లైంబింగ్ తాడు ఉంటే చాలు

రాక్ క్లైంబింగ్‌లో వాడేది డైనమిక్ తాడు. పడిపోతున్న మనిషిని కుదుపు లేకుండా ఆపడానికి అది సాగాలి. మామూలు బరువుకే దాదాపు పదోవంతు వరకు సాగొచ్చు. అరవై మీటర్ల బావిలో (గుహలోని నిట్టనిలువు గొయ్యిని బావి అంటాం) దాన్ని వేలాడదీసి ఎక్కడం మొదలుపెడితే, ముందు కొన్ని మీటర్ల తాడును కిందికి లాక్కోవడమే సరిపోతుంది, నేల మీదనుంచి కాలు లేవదు. పైన అంచు మీద కోత కూడా అంతకంతా పెరుగుతుంది. అందుకే గుహల్లో తక్కువ సాగే స్టాటిక్ తాడు వాడతాం.

అలాగని డైనమిక్ తాడు అసలు పనికిరాదనుకోకండి. హార్నెస్‌కు, అంటే నడుముకూ తొడలకూ కట్టుకునే పట్టీలకు, తగిలించుకునే రెండు పొట్టి తాళ్లు, అంటే కౌస్‌టెయిల్స్, డైనమిక్ తాడుతోనే ఉండాలి. యాంకర్ కంటే పైకి ఎక్కి జారితే, పడేది మీటరే అయినా దెబ్బ గట్టిగా తగులుతుంది, ఎందుకంటే ఆ ఊపును మింగడానికి ఉన్న తాడు కూడా అంత పొట్టిదే. డైనీమా అనే సింథటిక్ దారంతో చేసిన పట్టీ (స్లింగ్) దాదాపు సాగదు. దాన్ని కౌస్‌టెయిల్‌గా వాడితే ఆ దెబ్బ నేరుగా యాంకర్‌కూ నడుముకూ చేరుతుంది.

అపోహ: ప్రమాదమంటే తాడు తెగడమే

1952 ఆగస్టులో ఫ్రాన్స్-స్పెయిన్ సరిహద్దులో ఉన్న పియర్ సాన్ మార్తాన్ గుహలో మార్సెల్ లూబాన్ అనే గుహాన్వేషకుడు చనిపోయాడు. అక్కడ 300 మీటర్లకు పైగా లోతున్న నిట్టనిలువు బిలంలోకి వించ్ (తీగను చుట్టే యంత్రం) మీద ఉక్కు తీగతో మనుషుల్ని దించేవాళ్లు. అతన్ని పైకి లాగడం మొదలుపెట్టిన కాసేపటికే తీగను హార్నెస్‌కు కలిపే క్లాంప్ వదిలేసింది. తీగకు ఏమీ కాలేదు. తీవ్ర గాయాలతో అతను ఒకటిన్నర రోజు బతికాడు. మృతదేహాన్ని 1954లో గానీ బయటికి తేలేకపోయారు.

ఇప్పుడు వించ్‌లు పెద్దగా వాడరు గానీ, బలహీనత ఇంకా అతుకుల దగ్గరే ఉంటుంది: గేటు బిగించని కారబైనర్ (లోహపు కొక్కెం), తాడును తప్పుగా చుట్టిన డిసెండర్ (తాడు మీద మెల్లగా దిగే పరికరం), చివర ముడి వేయని తాడు. ఈ చివరిదాన్ని కాస్త వివరించాలి. కొత్త నైలాన్ తాడు తడిసి ఆరితే కుదించుకుపోతుంది. కొన్నప్పుడు లేబుల్ మీద రాసిన పొడవును నమ్ముకుంటే, అది నేలను అందదు. చీకట్లో దిగేవాడికి తాడు అయిపోయిందని తెలిసేసరికే చివర డిసెండర్‌లోంచి జారిపోతుంది. కాబట్టి కొత్త తాడును నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఆ తర్వాతే కొలవండి. బావిలోకి వదిలే ముందు చివర ముడి వేయండి, తాడు అందుతుందని ఎంత నమ్మకం ఉన్నా సరే.

అపోహ: దిగడం వస్తే చాలు, ఎక్కడానికి పైవాళ్లు లాగుతారు

లాగలేరు. తడిసిన మనిషిని, బ్యాగుతో సహా, అంచు మీదుగా చేతులతో లాగి చూడండి, పది నిమిషాల్లో విషయం అర్థమవుతుంది. ప్రతి ఒక్కరి దగ్గరా సొంత అసెండర్లు ఉండాలి. తాడు మధ్యలో వేలాడుతూ దిగడం ఆపి ఎక్కడానికి మారడం వచ్చి ఉండాలి, అదీ జలపాతం లేని చోట నేర్చుకోవాలి. అలసిపోయి హార్నెస్‌లో కదలకుండా వేలాడితే కాళ్లలోంచి రక్తం సరిగా తిరిగి రాదు, నిమిషాల్లోనే స్పృహ తప్పొచ్చు. పైనుంచి చల్లటి నీళ్లు పడుతుంటే ఒంట్లో వేడి కూడా వేగంగా పోతుంది.

అపోహ: చూడ్డానికి బాగుంటే తాడు బాగున్నట్టే

బ్యాటరీ యాసిడ్ ఆవిరి తగిలినా నైలాన్ పాడవుతుంది, రంగు మాత్రం మారకపోవచ్చు. బండి డిక్కీలో బ్యాటరీ పక్కన తాడు పెట్టేవాళ్లతో నేను గొడవపడతాను. కంటికంటే చేతిని నమ్మండి. తాడును కొద్దికొద్దిగా వంచుతూ పొడవునా వేళ్లమధ్య నడిపించండి. వంపు గుండ్రంగా రాకుండా ఒకచోట చప్పున మడతపడితే లోపలి దారాలు దెబ్బతిన్నట్టు. అక్కడ కోసి పడేయాల్సిందే.

అపోహ: ఫోన్ చేస్తే రెస్క్యూ వస్తుంది

భూమి లోపల సిగ్నల్ ఉండదు, ఎవరో ఒకరు బయటికి ఎక్కి చెప్పాలి. 2014లో జర్మనీలోని రీసెండింగ్ గుహలో వెయ్యి మీటర్ల లోతున రాయి పడి ఒక పరిశోధకుడి తలకు దెబ్బ తగిలింది. 700 మందికి పైగా శ్రమిస్తే పదకొండు రోజులకు బయటికి తేగలిగారు. 2021లో వేల్స్‌లోని ఒగోవ్ ఫున్నాన్ ది గుహలో పడిపోయిన వ్యక్తిని తేవడానికి 54 గంటలు పట్టింది.

లోపలికి వెళ్లేముందు బయట ఒకరికి ఏ గుహ, ఏ దారి, ఎంతమంది, ఎన్నింటికల్లా రాకపోతే రెస్క్యూకి చెప్పాలో రాసివ్వండి. ఒక్కొక్కరి దగ్గర మూడు లైట్లు ఉండాలి. బయటికి రాగానే తిండి సంగతి తర్వాత, ముందు ఆ మనిషికి కబురు చెప్పండి. లేకపోతే మీరు ఇంట్లో హాయిగా నిద్రపోతుంటే అర్ధరాత్రి వేరేవాళ్లు మీకోసం ఆ బావిలోకి తాళ్లు దించుతుంటారు.