స్కేట్లు, స్కీలు, స్నోబోర్డులు: అంకెల చుట్టూ అల్లుకున్న అపోహలు - వాస్తవాలు

చెన్నైలో స్కేట్లు అమర్చడం, మరమ్మతు చేయడం నా వృత్తి. షెనాయ్ నగర్ రింకుకు పిల్లలను తీసుకువచ్చే తెలుగు కుటుంబాలు, తెల్లవారుజామున బీసెంట్ నగర్ బీచ్ రోడ్డులో స్కేటింగ్ చేసే పెద్దలు, శీతకాలంలో మంచు మీద స్కీయింగ్ కోసం గుల్మార్గ్‌కో ఔలికో ప్రయాణం కట్టే ఐటీ ఉద్యోగులు నా దగ్గరికి వస్తుంటారు. 2025లో చైనాలో జరిగిన ప్రపంచ స్పీడ్ స్కేటింగ్ పోటీలలో మన చెన్నై యువకుడు ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్ 1000 మీటర్ల స్ప్రింట్‌లో స్వర్ణం గెలిచిన తరువాత ఇలా వచ్చేవారు పెరిగారు, ప్రశ్నలూ పెరిగాయి. ఆ ప్రశ్నలు ఎక్కువగా ఏదో ఒక అంకె గురించే ఉంటాయి: బేరింగు మీద ఎంత రాసి ఉంది, చక్రం ఎన్ని మిల్లీమీటర్లు, బూటు ఫ్లెక్స్ (వంగడానికి ఎంత బిరుసుగా ఉంటుందో చెప్పే అంకె) ఎంత అని. పాదానికీ నేలకూ మధ్య ఆ వస్తువు ఏ పని చేస్తుందో తెలిస్తే ఆ అంకెలలో ఏది పట్టించుకోవాలో, ఏది పక్కన పెట్టవచ్చో తెలుస్తుంది.

అపోహ: ఎదిగే పిల్లలకు ఒక సైజు పెద్ద స్కేట్లు కొనాలి.

"వచ్చే ఏడాదికి కూడా సరిపోవాలి కదా, ఒక సైజు పెద్దది ఇవ్వండి" అని అడగని తల్లిదండ్రులు అరుదు. బడి బూట్లకు ఆ లెక్క చెల్లుతుంది గానీ స్కేట్లకు చెల్లదు. పాదం ఏ కాస్త వాలినా ఆ వాలును ఆలస్యం లేకుండా చక్రాలకు అందించడమే స్కేటు బూటు పని. మడమ లోపల అర సెంటీమీటరు లేచినా పాదం ముందు వాలుతుంది, చక్రం తరువాత వాలుతుంది. ఆ తేడాను సర్దుకోవడానికి పిల్లలు వేళ్ళను ముడిచి బూటును పట్టుకుంటారు, చీలమండలు లోపలికి ఒరుగుతాయి, పిక్కలు పట్టేస్తాయి, చివరికి "మా వాడి కాళ్ళలో బలం లేదండీ" అన్న మాట దాకా వస్తుంది. ఖాళీని పూడ్చడానికి రెండు జతల సాక్సులు తొడిగితే లోపల పాదం మరింత జారుతుంది.

కొలత ఇంట్లోనే తీసుకోవచ్చు. సాయంత్రానికి పాదం కొద్దిగా ఉబ్బుతుంది కాబట్టి ఆ వేళ తెల్ల కాగితం మీద, మడమ గోడకు ఆనించి, రెండు కాళ్ళ మీదా సమానంగా బరువు వేసి నిలబెట్టాలి. అన్నిటికంటే పొడవైన వేలి కొన దగ్గర గీత గీయాలి. కొందరికి అది బొటనవేలు కాదు, దాని పక్క వేలు. రెండు పాదాలనూ కొలిచి పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. ఆ సెంటీమీటర్ల కొలతే మొండోపాయింట్ సైజు. స్కీ బూటు మీద 26.5 అని ఉంటే అది 26.5 సెంటీమీటర్ల పాదానికి అని అర్థం. యూరోపియన్ సైజుల అంకెలు కంపెనీని బట్టి మారతాయి గనుక నేను ముందు సెంటీమీటర్లనే అడుగుతాను.

గట్టి షెల్ (బయటి డొల్ల) ఉన్న బూట్లలో తరువాతి పని లోపలి మెత్తని తొడుగును, అంటే లైనర్‌ను, బయటికి తీయడం. ఖాళీ షెల్‌లో పాదం పెట్టి, వేళ్ళు ముందు గోడకు తాకేదాకా జరిపి, మడమ వెనుక ఎంత చోటు ఉందో వేలితో చూస్తాను. వేలు నుంచి వేలున్నర మందం ఉంటే సరిపోతుంది. రెండు వేళ్ళు సులువుగా దూరితే ఆ బూటు పెద్దది. లైనర్ తిరిగి పెట్టి బిగించి నిటారుగా నిలబడినప్పుడు వేలి కొనలు ముందు భాగాన్ని సుతారంగా తాకాలి, మోకాళ్ళు వంచగానే అవి కొద్దిగా వెనక్కి జరగాలి. పాదం ఎదుగుతుందన్న చింతకు పరిష్కారం డిజైన్‌లోనే ఉంది: సైజు సర్దుకునే స్కేట్లలో బటను నొక్కి ముందు భాగాన్ని జరుపుకుంటే ఒకే స్కేటు కొన్ని సైజుల దాకా పనికివస్తుంది. నేర్చుకునే దశలో ఉన్న పిల్లలకు నేను వాటినే సూచిస్తాను.

సైజు సరిగ్గా ఉండి కూడా చీలమండ లోపలికి ఒరుగుతుంటే అప్పుడు ఫ్రేమును, అంటే చక్రాలను పట్టి ఉంచే చట్రాన్ని, చూడాలి. విడిగా బిగించే ఫ్రేములున్న స్కేట్లలో దాన్ని కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ జరపడానికి గాడి ఉంటుంది. లోపలికి ఒరిగే పాదానికి ఫ్రేమును కొంచెం లోపలి వైపుకు జరిపితే, ఇంతకాలం కాళ్ళలో బలం లేదనుకున్న పిల్లవాడు అదే రోజు నిటారుగా నిలబడటం తరచూ చూస్తుంటాను.

అపోహ: ఏబెక్ అంకె ఎంత పెద్దదైతే అంత వేగం.

ఏబెక్ అనేది బేరింగు కొలతలు ఎంత కచ్చితంగా ఉన్నాయో చెప్పే శ్రేణి: 1, 3, 5, 7, 9. దానిలో గుండ్ల నాణ్యత గురించి గానీ, లోపలి గ్రీజు గురించి గానీ, పక్కనుంచి పడే దెబ్బలను తట్టుకునే శక్తి గురించి గానీ ఏమీ ఉండదు. నిమిషానికి పదివేల చుట్లు తిరిగే యంత్రాలకు ఆ కచ్చితత్వం అవసరం. మన లెక్క చూద్దాం: 110 మి.మీ. చక్రం ఒక చుట్టుకు సుమారు 34.5 సెంటీమీటర్లు కదులుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్ళినా నిమిషానికి తిరిగేది 1,450 చుట్లే. ఆ వేగంలో ఏబెక్ 5కూ 9కీ తేడాను కాలు గుర్తించలేదు.

చేత్తో చక్రాన్ని తిప్పి ఎంతసేపు తిరిగిందో చూడటం కూడా పరీక్ష కాదు, ఎందుకంటే గ్రీజు లేని బేరింగు బరువు లేనప్పుడు చాలాసేపు తిరుగుతుంది, సముద్రపు గాలిలో అంతే తొందరగా తుప్పు పడుతుంది. దాదాపు అన్ని స్కేట్లలోనూ ఉండేది 608 బేరింగే: లోపలి రంధ్రం 8 మి.మీ., బయటి వ్యాసం 22, మందం 7. ఒక్కొక్క చక్రంలో అవి రెండు ఉంటాయి, ఆ రెంటి మధ్య ఒక చిన్న గొట్టం ఉంటుంది. స్పేసర్ అనే ఆ గొట్టం కొలత తగ్గినా, శుభ్రం చేసేటప్పుడు ఎక్కడో పడిపోయినా, యాక్సిల్ బోల్టు బిగించగానే ఆ ఒత్తిడి బేరింగుల లోపలి వలయాల మీద పక్కనుంచి పడి చక్రం పట్టేస్తుంది. బేరింగులు పోయాయంటూ కొత్తవి కొనడానికి వచ్చినవారికి నేను ముందు స్పేసర్ ఉందో లేదో చూసి చెబుతాను. చాలాసార్లు ఖర్చు అక్కడితో తీరిపోతుంది.

అపోహ: పెద్ద చక్రాలు అందరికీ మంచివి.

పెద్ద చక్రం గతుకులను సులువుగా దాటుతుంది, అందుకున్న వేగాన్ని నిలుపుకుంటుంది. అయితే అది పాదాన్ని నేల నుంచి పైకి లేపుతుంది, ఆగిన చోటు నుంచి కదలడానికి ఎక్కువ బలం అడుగుతుంది. ఫ్రేము పొడవు పెంచకుండా వ్యాసం పెంచాలంటే నాలుగు చక్రాల చోట మూడే పడతాయి. నిలబడటమే నేర్చుకుంటున్నవారికి 80 మి.మీ. చక్రాలు నాలుగు చాలు. గట్టి చక్రమైతే వేగం అన్నదీ సగమే నిజం: నునుపైన రింకులో గట్టి చక్రం దూసుకుపోతుంది గానీ, మన గరుకు తారురోడ్డు మీద అదే చక్రం కంపనాన్ని నేరుగా మోకాలికి పంపుతుంది, ఆ కంపనంలోనే వేగం కరిగిపోతుంది.

అపోహ: నాలుగు మూలల చక్రాల క్వాడ్ పాతకాలపుది, ఇన్‌లైన్ కొత్తది.

చరిత్ర దీనికి తలకిందులుగా ఉంది. ఫ్రాన్స్‌లో పెతిబ్లెద్ ఒకే వరుస చక్రాల (ఇన్‌లైన్) స్కేటుకు 1819లోనే పేటెంటు పొందాడు. అది సూటిగా పోతుంది గానీ మలుపు తిరగడం కష్టం. 1863లో అమెరికాలో జేమ్స్ ప్లింప్టన్ జంటజంటలుగా అమర్చిన చక్రాల పైన రబ్బరు దిండ్లు పెట్టి, పాదం వాలిన వైపుకు స్కేటు తిరిగేలా చేశాడు. నేటి క్వాడ్ స్కేటులో ఉన్నది ఆ సూత్రమే. ఆ దిండ్లు గట్టిగా ఉంటే తేలిక బరువున్న పిల్లల పాదం వాటిని నొక్కలేదు. స్కేటు తిరగడం లేదని పిల్లవాడిని గద్దించే ముందు మెత్తని దిండ్లు వేయించి చూడండి.

అపోహ: స్పీడ్ స్కేటు బూటు పొట్టిగా ఉండటం ప్రమాదకరం, క్లాప్ స్కేటును స్ప్రింగు ముందుకు నెడుతుంది.

ఈ రెంటినీ కలిపి చెప్పడానికి కారణం రెంటిలోనూ ఉన్నది చీలమండ కావడమే. ఎత్తైన గట్టి బూటు చీలమండను పక్కలకు ఒరగనివ్వదు, అదే సమయంలో పాదాన్ని కిందికి చాచనివ్వదు. నేలను తోసే చివరి క్షణంలో స్కేటర్‌కు కావలసింది పాదాన్ని అలా చాచడమే. అందుకే స్పీడ్ బూటు చీలమండ దగ్గర ఆగిపోతుంది; పట్టు మాత్రం కార్బన్ అడుగు భాగం నుంచీ మడమ గిన్నె నుంచీ వస్తుంది. ఆ గిన్నెను వేడి చేసి పాదానికి తగినట్లు మలచుకోవచ్చు. కండరాల అదుపు ఇంకా రాని పిల్లలకు అటువంటి బూటు తొందరపాటే అవుతుంది, అది వేరే మాట.

మంచు మీద సమస్య ఇంకా జటిలంగా ఉండేది. పాత స్కేటులో బ్లేడు మడమకూ మునివేళ్ళకూ గట్టిగా బిగించి ఉండటం వలన, మడమ లేపితే బ్లేడు మొన మంచులో గుచ్చుకుని వేగాన్ని తినేసేది. అందువలన మడమ లేపకుండా తోయడాన్ని స్కేటర్లు ఏళ్ళ తరబడి సాధన చేసేవారు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని వ్రైయె విశ్వవిద్యాలయంలో ఖెరిత్ యాన్ ఫాన్ ఇంఖెన్ స్కెనౌ బృందం పాదం ముందు భాగం కింద ఒక కీలు పెట్టి, మడమ లేచినా బ్లేడు మొత్తం మంచు మీదే నిలిచే క్లాప్ స్కేటును రూపొందించింది. 1996-97 సీజన్‌లో నెదర్లాండ్స్ మహిళా స్కేటర్లు దానితో గెలవడం మొదలుపెట్టాక, 1998 నగానో ఒలింపిక్స్ నాటికి ప్రపంచమంతా అటు మారింది. కీలు ఆలోచన అంతకు వంద సంవత్సరాల ముందే, 1894లో, జర్మనీలో పేటెంటయి ఉంది.

బ్లేడు తిరిగి బూటుకు తగిలినప్పుడు వచ్చే చప్పుడు విని, స్ప్రింగు నెడుతోందని చాలామంది అనుకుంటారు. కాలు గాలిలోకి లేచాక వేలాడే బ్లేడును మడమ దగ్గరికి చేర్చడమే ఆ స్ప్రింగు పని. శక్తి అంతా కాలిదే. లాభం ఎక్కడి నుంచి వచ్చిందో తరువాత కొలిచి చూసినప్పుడు మరొక విశేషం తెలిసింది: అందరూ చీలమండ నుంచే అనుకున్నారు గానీ, ఎక్కువ పని మోకాలి దగ్గర జరుగుతోంది.

అపోహ: నడుము సన్నని స్కీ దానంతట అదే తిరుగుతుంది.

స్కీ మొన, తోక వెడల్పుగా, నడుము సన్నగా ఉండటం కొత్త సంగతి కాదు. 19వ శతాబ్దంలోనే నార్వేలోని టెలిమార్క్‌లో సోంద్రె నూర్‌హైమ్ అటువంటివి వాడాడు. అయితే ఆ వంపును లోతుగా చేస్తే వెడల్పైన మొన మెలిపడి మంచును పట్టుకోలేకపోయేది. 1950లో విమాన ఇంజినీరు హోవర్డ్ హెడ్ అల్యూమినియం రేకుల మధ్య చెక్కను అతికించి చేసిన స్కీతో మొదలై, పదార్థాలు మెలిక తట్టుకునే దశకు చేరుకున్నాక, 1993లో స్లొవేనియాకు చెందిన ఎలాన్ కంపెనీ ఎస్‌సీఎక్స్ అనే లోతు వంపు స్కీని తెచ్చింది. అంచు మీద వాల్చి బరువు వేసినప్పుడు ఆ స్కీ విల్లులా వంగి, ఆ చాపం మీదే సాగుతుంది. వాల్చకపోతే, బరువు వేయకపోతే అది తిన్నగానే పోతుంది.

స్కీ మీద ముద్రించి ఉండే మీటర్ల సంఖ్య దాని పక్క అంచు వంపు వ్యాసార్ధం. నా దృష్టిలో తప్పక చదవవలసిన అంకె ఇదే. పురుషుల జెయింట్ స్లాలమ్ (పెద్ద మలుపుల) పోటీలకు ప్రపంచ కప్ స్థాయిలో కనీసం 193 సెం.మీ. పొడవు, 30 మీటర్ల వ్యాసార్ధం ఉండాలి. చిన్న మలుపుల స్లాలమ్‌కు కనీస పొడవు 165 సెంటీమీటర్లే. అదే మనిషి, అదే కొండ, మలుపులు మాత్రమే వేరు. "నా ఎత్తుకు ఎంత పొడవు?" అని మాత్రమే అడిగితే సగం జవాబే దొరుకుతుంది. స్కీయర్ షేన్ మెకాంకీ ఆలోచనతో 2002లో వచ్చిన, మొన, తోక రెండూ పైకి లేచిన వోలాంట్ కంపెనీ స్పాచులా స్కీ లోతైన పొడిమంచులో తేలడానికి పుట్టింది. గుల్మార్గ్ కింది వాలులో మొదటిసారి నిలబడేవారికి అంత వెడల్పు స్కీ అవసరం లేదు.

అపోహ: స్నేహితుడి స్కీలు అలాగే వాడుకోవచ్చు, విడిపోని స్నోబోర్డు బైండింగు లోపభూయిష్టమైనది.

బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగు మీది డిన్ అంకె బూటు ఎంత బలానికి విడిపోవాలో నిర్ణయిస్తుంది. బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, స్కీయింగ్ చేసే తీరు చూసి దానిని లెక్క కడతారు. మీ స్నేహితుడి అంకె మీ మోకాలికి సరిపోదు, అద్దెకు ఇచ్చేవారు ఈ ఐదూ అడగకుండా బూటు బిగిస్తే మీరే చెప్పండి. స్నోబోర్డులో రెండు పాదాలూ ఒకే పలక మీద ఉంటాయి కాబట్టి, ఒక కాలు ఒకవైపు మెలితిరిగే పొడవాటి మీట అక్కడ ఉండదు. అందుకే అది విడిపోనవసరం లేదు. అక్కడ ఎక్కువగా దెబ్బతినేది మణికట్టు. మణికట్టు గార్డులు ఇక్కడే కొని పెట్టెలో వేసుకోండి.

అపోహ: కొద్దిగా వాడి దాచిన బూటు కొత్తదానితో సమానం.

స్కీ బూటు ఫ్లెక్స్ అంకెకు ఉమ్మడి ప్రమాణం లేదు, ఒక కంపెనీ 100 మరొక కంపెనీ 100తో సమానం కాదు. పైగా ఆ ప్లాస్టిక్ చలిలో బిగుసుకుంటుంది, చెన్నై ఇంటి హాలులో మెత్తగా వంగిన బూటు సున్నా కింద అంతగా వంగదు. అయితే ఇంతకంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వయసు. చాలా స్కీ బూట్లు, కొన్ని స్కేటు బూట్ల భాగాలు పాలీయురెథేన్‌తో తయారవుతాయి, గాలిలోని తేమ ఏళ్ళ తరబడి ఆ పదార్థపు బంధాలను తెంచుతూ ఉంటుంది. ఎండలో పెట్టకపోయినా, ఒక్కసారే వాడినా ఈ పని ఆగదు, మన తీరంలో మరింత వేగంగా సాగుతుంది. పైకి నిగనిగలాడే బూటు వాలు మీద ఒక్క దెబ్బకు మడమ దగ్గర ముక్కలైపోవచ్చు.

వాడిన తరువాత లైనర్‌ను బయటికి తీసి ఆరబెట్టి, బకిళ్ళను వదులుగా పెట్టి, గాలి ఆడే గుడ్డ సంచీలో ఉంచాలి. బిగించి కట్టిన ప్లాస్టిక్ సంచీ తేమను లోపలే బంధిస్తుంది. సెకండ్ హ్యాండ్ జత కొనేటప్పుడు తయారీ సంవత్సరం అడిగి, బకిళ్ళ చుట్టూ, చక్రాలు బిగించే చోటా బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. సన్నని పగుళ్ళు గానీ, జిగురు తగిలినట్లు గానీ, చేతికి పొడి అంటినట్లు గానీ ఉంటే ధర ఎంత తక్కువైనా వదిలివేయండి.