నోయ్‌ష్వాన్‌స్టైన్ కోటకి ఒక్కరోజు ట్రిప్: అపోహలు - వాస్తవాలు

జర్మనీలోని మ్యూనిక్‌లో ఉంటూ మనవాళ్ళకి చుట్టుపక్కల ట్రిప్పులు ప్లాన్ చేసిపెట్టడం నా పని. ఏప్రిల్ దాటిందంటే చాలు, పిల్లల దగ్గరికొచ్చిన అమ్మానాన్నలు, మొదటిసారి యూరప్ చూస్తున్న కొత్త జంటలు, అందరూ అడిగేది ఒకటే: "అండీ, ఆ డిస్నీ కోటకి ఎలా వెళ్ళాలి?" నోయ్‌ష్వాన్‌స్టైన్ అంటే నోరు తిరగదు మరి. మొదటి ఏడాది నాకూ తిరగలేదు. ఫోన్ పెట్టేలోపు ఆ కోట గురించి విన్నవన్నీ చెబుతారు. అందులో సగానికి సగం తప్పులే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: వెయ్యేళ్ళ నాటి కోట. రాజులు యుద్ధాలు చేసిన చోటు.

గుంటూరు నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ మాస్టారు గేటు దగ్గర నిలబడి అడిగారు, "దీని మీద ఎవరు దండెత్తారమ్మా?" అని. ఎవరూ దండెత్తలేదు మాస్టారూ. దీనికి పునాదిరాయి పడింది 1869 సెప్టెంబర్ 5న. మన చార్మినార్ (1591) దీనికంటే 278 ఏళ్ళు పెద్దది. హైదరాబాద్‌లో ఫలక్‌నుమాకి 1884లో పని మొదలుపెట్టేనాటికి ఇక్కడ ఇంకా గోడలకి రంగులు పడుతున్నాయి. అంటే వయసులో ఇది గోల్కొండ వరసలోది కాదు, ఫలక్‌నుమా ఈడుది.

బవేరియా రాజు రెండో లుడ్విగ్‌కి పాత జర్మన్ వీరగాథలంటే పిచ్చి. ఆ కథల్లో బతకాలని కట్టించుకున్నాడు. అందుకే తొలి బొమ్మలు గీసింది కోటలు కట్టేవాడు కాదు, క్రిస్టియన్ యాంక్ అనే నాటకాల సెట్టింగుల చిత్రకారుడు. వాటిని కట్టడానికి వీలుగా మార్చింది ఆర్కిటెక్ట్ ఎడ్వార్డ్ రీడెల్. సంగీతకారుడు రిచర్డ్ వాగ్నర్ మీద అభిమానంతో కట్టిన కోట ఇది. ఆ వాగ్నరేమో ఇందులో అడుగుపెట్టకుండానే 1883లో పోయాడు. బయటికి పాతకాలపు బురుజులు, లోపల వేడిగాలితో గదులు వెచ్చబెట్టే ఏర్పాటు, అన్ని అంతస్తులకీ కుళాయి నీళ్ళు, ఫ్లష్ టాయిలెట్లు, నౌకర్లని పిలవడానికి కరెంటు గంటలు, టెలిఫోను. రాళ్ళు పైకెత్తింది ఆవిరి క్రేన్లతో.

అపోహ: ప్రజల సొమ్ము ఊడ్చి కట్టాడు.

ప్రభుత్వ ఖజానా ముట్టుకోలేదు. తనకొచ్చే రాజభరణం, అది చాలక అప్పులు. మొత్తం బాకీ కోటీ నలభై లక్షల మార్కుల దాకా పెరిగింది. ఇక ఆగేలా లేడని మంత్రులు డాక్టర్ల చేత "మతి సరిగా లేదు" అని రాయించారు. ఆ రాసిన పెద్ద డాక్టరు గుడ్డెన్ రాజుని దగ్గర కూర్చోబెట్టుకుని పరీక్ష చేయకుండానే రాశాడు. 1886 జూన్‌లో రాజుని ఈ కోటలోంచే పట్టుకుపోయారు. జూన్ 13న స్టార్న్‌బెర్గ్ సరస్సులో రాజు, ఆ డాక్టరు, ఇద్దరి శవాలూ దొరికాయి. ఎలా పోయారన్నది ఈరోజుకీ తేలలేదు. ఈ కోటలో రాజు ఉన్నది అన్నీ కలిపితే 172 రోజులు. పోయిన ఏడు వారాలకే, ఆగస్టు 1న, టికెట్ పెట్టి జనానికి తెరిచేశారు. ఫలక్‌నుమా కట్టిన వికారుల్ ఉమ్రా కూడా అప్పుల్లోనే మునిగాడు కాబట్టి ఈ కథ హైదరాబాద్ వాళ్ళకి ఇట్టే ఎక్కుతుంది.

అపోహ: టికెట్ అక్కడికెళ్ళి కొనుక్కోవచ్చు.

ట్రిప్పులు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. ఈ కోటలోకి మన ఇష్టం వచ్చినప్పుడు వెళ్ళడం ఉండదు. టికెట్ మీద టైమ్ ఉంటుంది, ఆ టైముకి వచ్చిన గుంపుతో పాటు లోపలికి పంపుతారు. సీజన్‌లో రోజుకి ఆరు వేల మంది దాకా వస్తారు. మిగిలిన టికెట్లు ఏవైనా ఉంటే ఆరోజు పొద్దున కింద హోహెన్‌ష్వాంగౌ ఊళ్ళో టికెట్ సెంటర్‌లో అమ్ముతారు. మీరు మ్యూనిక్‌లో ఉప్మా తిని బయల్దేరి చేరేసరికి అవి ఉండవు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అయితే వారాల ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. 18 ఏళ్ళలోపు పిల్లలకి డబ్బు కట్టక్కర్లేదు కానీ టికెట్ మాత్రం వాళ్ళకీ ఉండాల్సిందే. ధర మారుతూ ఉంటుంది కాబట్టి కోట అధికారిక సైట్‌లోనే చూసుకోండి.

టైమ్ ఎంచుకునేటప్పుడు అందరూ కోట దగ్గర్నుంచి వెనక్కి లెక్కేస్తారు. ఇంటి దగ్గర్నుంచి వేయండి. బయల్దేరేది బవేరియా టికెట్ మీద కదా (బవేరియా రాష్ట్రంలో ఒక రోజు లోకల్ రైళ్ళలో తిరిగే టికెట్, అయిదుగురి దాకా ఒకటే, మనవాళ్ళకి ప్రాణం)? అది సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున 9 దాటాకే చెల్లుతుంది. శని, ఆదివారాల్లో ఆ పట్టింపు లేదు. మ్యూనిక్ నుంచి ఫ్యూసెన్‌కి రైల్లో రెండు గంటలు. కొన్ని నేరుగా వెళ్తాయి, కొన్నిటికి బుఖ్‌లోయ్‌లోనో కౌఫ్‌బాయ్‌రెన్‌లోనో మారాలి. ఫ్యూసెన్ స్టేషన్ బయట 73 లేదా 78 నంబరు బస్సు, పది నిమిషాలు. అక్కడ దిగితే మీరున్నది కొండ కింద. పైకి నడక నలభై నిమిషాలు. ఒకరికి టాయిలెట్, ఒకరికి కాఫీ, ఒకరికి ఫ్రిజ్ మాగ్నెట్. అన్నీ కలిపితే మామూలు రోజుల్లో మధ్యాహ్నం ఒకటిన్నర కంటే ముందు టైమ్ నేను ఎవరికీ తీసుకోను.

ఇది నేర్చుకున్నది నా తప్పుతోనే. ఒకసారి విజయవాడ వాళ్ళు ఆరుగురికి 1:05 టికెట్ తీశాను. నడక లెక్క వేశాను, రైలు లెక్క వేశాను, గుర్రబ్బండి దగ్గర క్యూ ఉంటుందని వేయలేదు. కింది ప్రాంగణంలో గేట్ల పైన ఒక బోర్డు ఉంటుంది, లోపలికి వెళ్ళాల్సిన గుంపు నంబరు దాని మీద వెలుగుతుంది. మేం ఆయాసపడుతూ చేరేసరికి మా నంబరు పోయి తర్వాతిది వెలుగుతోంది. 1:09. టికెట్ పెట్టినా గేటు తిరగలేదు. నిబంధన నిబంధనే, అక్కడున్నవాళ్ళని అనడానికేం లేదు. పెద్దావిడ మోకాళ్ళు పట్టుకుని మెట్టు మీద కూర్చుని, "నాలుగు నిమిషాలకా అమ్మాయ్?" అంది. తిట్టినా బాగుండేది. ఆ ఆరు టికెట్ల డబ్బు నేనే పెట్టుకున్నాను.

అపోహ: గుర్రబ్బండి కోట గుమ్మంలో దింపుతుంది.

దింపదు. ఇంకా మూడొందల మీటర్లు ఉండగానే ఆగుతుంది, ఆ మిగిలిన దారే నిటారుగా ఉంటుంది. బస్సూ అంతే. అది కోట ఎదురుగా కనబడే మేరీ వంతెన దగ్గర దింపుతుంది, అక్కణ్ణుంచి కోటకి పావుగంట దిగుడు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఎక్కేటప్పుడు గుర్రబ్బండి, వంతెన చూడాలంటే బస్సు, అని నా లెక్క. రెండిటికీ బవేరియా టికెట్ పనికిరాదు, చేతిలో నగదు ఉంచుకోండి. మంచు పేరుకుంటే బస్సు నడవదు. అసలు సంగతి కోట లోపల ఉంది: ఎక్కడానికి 165 మెట్లు, దిగడానికి 181. దీని గురించి పెద్దవాళ్ళకి ముందే చెప్పండి, అక్కడికి వెళ్ళాక కాదు. వీల్‌చైర్ వాడేవాళ్ళుంటే టికెట్ తీసేముందే కోటవాళ్ళని అడిగి ఖాయం చేసుకోవాలి.

అపోహ: లోపల సగం రోజు పడుతుంది, వీడియోలు తీసుకోవచ్చు.

అరగంట, కాస్త అటూఇటూగా. గుంపుతోనే నడవాలి, వెనక్కి తిరిగి ఇంకోసారి చూస్తామంటే కుదరదు. ఫోటోలు, వీడియోలు నిషేధం. పెద్ద బ్యాగులు, పిల్లల తోపుడు బళ్ళు లోపలికి రానివ్వరు. రెండొందల గదులు అనుకుంటే రాజు పోయేనాటికి పూర్తయినవి పదిహేను దాకా.

అరగంటే అయినా రెండు చోట్ల కళ్ళు పెద్దవి చేసుకోండి. ఒకటి సింహాసనం గది. నేల మీద ఇరవై లక్షలకి పైగా చిన్నరాళ్ళతో జంతువులు, మొక్కలు పరిచారు. పైన తొమ్మిది వందల కిలోల షాండ్లియర్. ఎదురుగా పాలరాతి మెట్లు, మెట్ల పైన ఖాళీ. సింహాసనం చేయించేలోపే రాజు పోయాడు. గుంపంతా షాండ్లియర్ చూస్తుంటే నేను ఎప్పుడూ ఆ ఖాళీనే చూస్తాను. రెండోది చివర్లో వచ్చే వంటిల్లు. బయటికి దారి అనుకుని అందరూ గబగబా దాటేస్తారు. అక్కడ మాంసం కాల్చే ఇనపచువ్వలు వాటంతటవే తిరిగేవి. పొయ్యి రాజుకుంటే పొగగొట్టంలో పైకెగసే వేడిగాలికి ఒక చక్రం తిరుగుతుంది, దానికి కట్టిన చువ్వ తిరుగుతుంది. మంట పెరిగితే చువ్వ వేగం పెరుగుతుంది, మాంసం మాడదు. పైకి భోజనం పంపడానికి లిఫ్టు కూడా ఉంది. మా వదిన అక్కడ కదలకుండా నిలబడిపోయి, "మన కట్టెల పొయ్యి రోజుల్లో వీళ్ళకి ఇదా" అని గొణిగింది.

అపోహ: టికెట్ దొరక్కపోతే వెళ్ళడం దండగ.

నన్నడిగితే అసలు సరుకు బయటే ఉంది. క్యాలెండర్లలో చూసే బొమ్మ కోట లోపల్నుంచి కనబడదు కదా! పొల్లాట్ లోయ మీద తొంభై మీటర్ల ఎత్తున మేరీ వంతెన ఉంది, రాజు తల్లి పేరు పెట్టారు. అక్కడికి టికెట్ లేదు. కాళ్ళ కింద చెక్కల సందుల్లోంచి జలపాతం, ఎదురుగా కోట. చలికాలంలో మంచు పడితే వంతెన మూసేస్తారు, డిసెంబర్‌లో వచ్చేవాళ్ళు దాని మీద ఆశ పెట్టుకోకండి. డిసెంబర్ 24, 25, 31, జనవరి 1 తేదీల్లో కోటే మూత. కింద పసుపురంగులో కనిపించేది హోహెన్‌ష్వాంగౌ కోట, లుడ్విగ్ చిన్నతనం గడిచిన ఇల్లు. తెల్లకోటకి టికెట్ దొరకని రోజుల్లో చాలాసార్లు నేను మనవాళ్ళని దానికే పంపాను. ఇంట్లో మనుషులు తిరిగిన వాసన దానికుంది, తెల్లకోటకి లేదు. అదే రోజు లిండర్‌హోఫ్ అనే ఇంకో లుడ్విగ్ మేడ కూడా చూసేద్దామంటారు కొందరు. సొంత కారో టూర్ బస్సో ఉంటే సరే, రైళ్ళూ బస్సులూ పట్టుకుని మాత్రం వద్దు. లుడ్విగ్ మేడలు నాలుగు, నోయ్‌ష్వాన్‌స్టైన్, లిండర్‌హోఫ్ కలుపుకుని, 2025 జులైలో యునెస్కో జాబితాలో చేరాయి. రద్దీ తగ్గుతుందని మాత్రం ఎదురుచూడకండి.

అపోహ: అక్కడ శాకాహారులకి ఏమీ దొరకదు.

చీజ్‌తో చేసే నూడుల్స్ లాంటి కేజె-ష్పెట్జ్‌లె, ప్రెట్జెల్, ఫ్రైస్ దొరుకుతాయి. కాకపోతే ష్పెట్జ్‌లె పిండిలో గుడ్డు కలుపుతారు. మాంసం లేదు కదా అని తినేసి తర్వాత నన్ను తిట్టినవాళ్ళున్నారు. అందుకే పులిహోర కట్టుకెళ్ళమంటాను. ఆదివారం అయితే సూపర్ మార్కెట్లు మూసి ఉంటాయి, నీళ్ళూ పళ్ళూ శనివారమే కొని పెట్టుకోండి.

ఆ నాలుగు నిమిషాల కుటుంబం ఆరోజు పులిహోర తిన్నది ఆల్ప్‌జే సరస్సు ఒడ్డున. ఊళ్ళోంచి అయిదు నిమిషాల నడక. పెద్దావిడ చెప్పులు విప్పి నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని, "లోపలికి వెళ్తే ఈ మెట్లన్నీ ఎక్కాలటగా, నయమైందిలే" అంది, నా మొహం చూడకుండా.