లారీ ప్రమాద పరిహారం: ఆరు నెలల గడువు వెనుక ఉన్న 1994

మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్‌లోని మూడో ఉపసెక్షన్ మళ్లీ వివాదంలోకి వచ్చింది. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు దాఖలు కాని పరిహార దరఖాస్తును, ఇలాంటి కేసులు విచారించే ట్రైబ్యునల్ స్వీకరించరాదని ఆ నిబంధన చెబుతుంది. దాని చెల్లుబాటును ప్రశ్నించే పిటిషన్లు సుప్రీంకోర్టు విచారణలో ఉన్నాయి. అవి తేలేదాకా గడువు దాటిందన్న కారణంతో ఏ దరఖాస్తునూ కొట్టివేయవద్దని 2025 నవంబరులో ఆ న్యాయస్థానం మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. గడువు ఉండాలనేవారూ వద్దనేవారూ వాదనను సాధారణంగా ఈ గడువును తిరిగి తెచ్చిన 2019 సవరణ దగ్గరే మొదలుపెడతారు. అయితే ఈ చిక్కుకు ముడి పడింది అంతకు పాతికేళ్ల ముందు, 1994లో.

1988 నాటి చట్టంలో గడువు ఆరు నెలలు. తగిన కారణం చూపితే ఏడాది దాకా అనుమతించే వీలుండేది, ఆ పైన లేదు. 1994 నవంబరు 14న అమల్లోకి వచ్చిన సవరణ ఆ గడువును పూర్తిగా ఎత్తివేసింది. గడువు కారణంగా బాధితులకు జరుగుతున్న అన్యాయాన్ని గుర్తించే పార్లమెంటు ఈ పని చేసిందని 1996లో ధన్నాలాల్ కేసులో సుప్రీంకోర్టు వ్యాఖ్యానించి, సవరణకు ముందు జరిగిన ప్రమాదానికి కూడా ఆ ప్రయోజనాన్ని వర్తింపజేసింది. అదే సవరణ మరో రెండు మార్పులు తెచ్చింది. ప్రమాదం ఎక్కడ జరిగినా బాధితులు తాము నివసించే ప్రాంతపు ట్రైబ్యునల్‌లోనే దరఖాస్తు చేసుకోవచ్చన్నది మొదటిది. మహారాష్ట్ర హైవే మీద లారీ కింద పడి చనిపోయిన మనిషి కుటుంబం నల్గొండలోనే కేసు వేసుకోగలగడం దీనివల్లనే. రెండోది ఇంకా పెద్దది. పోలీసులు ప్రమాద సమాచార నివేదికను ముప్పై రోజుల్లో ట్రైబ్యునల్‌కు, బీమా సంస్థకు పంపాలని, ఆ నివేదికనే ట్రైబ్యునల్ పరిహార దరఖాస్తుగా పరిగణించాలని చట్టం చెప్పింది. అంటే కేసు వేయవలసిన భారం బాధితుడి నుంచి పోలీస్ స్టేషన్‌కు మారింది, కనీసం కాగితం మీద.

స్టేషన్ల నుంచి నివేదికలు వెళ్లలేదు. ఈ విషయమై సుప్రీంకోర్టు తలుపు తట్టింది బాధితులు కాదు, బీమా కంపెనీలకు ప్రాతినిధ్యం వహించే జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ అన్నది ఇక్కడ గుర్తుంచుకోదగిన సంగతి. ఆ సంస్థ ఆంధ్రప్రదేశ్ తదితర రాష్ట్రాలను ప్రతివాదులుగా చేర్చి వేసిన పిటిషన్‌పై 2007లో, ఈ నిబంధనను అమలు చేయాలని అన్ని రాష్ట్రాలనూ న్యాయస్థానం ఆదేశించింది. 2009లో జైప్రకాశ్ కేసులో అదే మాట మరోసారి చెప్పవలసి వచ్చింది.

లారీ కేసుల్లో ఈ నివేదిక లేని లోటు మరీ బరువుగా పడుతుంది. డ్రైవరు పారిపోతాడు, లారీకి నేషనల్ పర్మిట్ ఉంటుంది, యజమాని వేరే రాష్ట్రంలో ఉంటాడు, బండి చేతులు మారినా ఆర్‌సీ పాత పేరు మీదే నడుస్తూ ఉంటుంది. రికార్డులో ఎవరి పేరుందో ఆ వ్యక్తే బాధ్యుడని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది కానీ, ఆ పేరును, పాలసీ నంబరును, పర్మిట్ వివరాలను సంపాదించుకోవడం కర్మకాండలు పూర్తికాని కుటుంబానికి తేలిక కాదు. తప్పు ఎవరిదో తేల్చడానికి ట్రైబ్యునల్ చూసేవి ఎఫ్ఐఆర్, పంచనామా, ఘటనాస్థలి స్కెచ్, మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ నివేదిక, ఛార్జిషీటు. క్రిమినల్ కేసులో మాదిరి సందేహాతీతంగా రుజువు చేయనక్కరలేదు, జరిగి ఉండడానికే ఎక్కువ అవకాశముందని చూపితే చాలు. ఆ కాస్త చూపడానికైనా ఆ కాగితాలే ఆధారం, అవన్నీ పోలీసుల దగ్గరే ఉంటాయి.

రాత్రిపూట లైట్లు లేకుండా రోడ్డు మీద నిలిపిన లారీని వెనక నుంచి కారు ఢీకొన్న కేసులు ఇందుకు మంచి ఉదాహరణ. కారు వేగంగా వచ్చిందని, కనుక సగం తప్పు కారు నడిపినవాడిదేనని బీమా సంస్థ వాదించడం పరిపాటి. ఇండికేటర్లు లేకుండా నడిరోడ్డు మీద ఆపిన గ్యాస్ ట్యాంకర్ విషయంలో హైకోర్టు అలాగే సగం పరిహారం కోత పెట్టగా, 2018లో ఆర్చిత్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, తప్పంతా ట్యాంకర్‌దేనన్న ట్రైబ్యునల్ నిర్ణయాన్ని పునరుద్ధరించింది. సాక్ష్యం సకాలంలో రికార్డయితేనే ఇలాంటి ఫలితం వస్తుంది. ఆపిన లారీని పక్కకు తీసేశాక, పగిలిన అద్దాలు ఊడ్చేశాక వేసిన స్కెచ్ ఎవరికీ పనికిరాదు.

గడువును సమర్థించేవారికీ కారణాలున్నాయి. ఏళ్ల తర్వాత దాఖలైన కేసుల్లో సాక్షులు దొరకరని, ప్రమాదంతో సంబంధం లేని వాహనాలను ఇరికించి నకిలీ క్లెయిములు పుట్టించారని బీమా సంస్థలు చెబుతూ వచ్చాయి. ఉత్తరప్రదేశ్‌లో అలాంటి క్లెయిములపై ప్రత్యేక దర్యాప్తు బృందమే ఏర్పాటైంది.

2019 సవరణ గడువును తిరిగి తెచ్చింది, అదీ ఆలస్యాన్ని మన్నించే పాత వెసులుబాటు లేకుండా. పోలీసులు మూడు నెలల్లో ప్రమాద నివేదిక ట్రైబ్యునల్‌కు పంపాలని, దానిని దరఖాస్తుగా పరిగణించాలని కూడా అదే సవరణలో ఉంది. నివేదిక మూడో నెలకే వస్తే ఆరో నెల ప్రశ్నే తలెత్తదు. 2022 ఏప్రిల్ 1న ఈ రెండూ కలిసే అమల్లోకి వచ్చాయి. ఆ ఏడాది డిసెంబరులోనే గోహర్ మహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు, తొలి ప్రమాద నివేదిక 48 గంటల్లో ట్రైబ్యునల్‌కు చేరాలని, స్టేషన్లలో ఇందుకు ప్రత్యేక విభాగాలు ఉండాలని ఆదేశించవలసి వచ్చిందంటే పోలీసు నివేదిక భాగం ఏ మేరకు నడిచిందో ఊహించవచ్చు. ప్రమాదం చేసి పారిపోయిన డ్రైవర్లకు పదేళ్ల దాకా జైలు విధించే కొత్త నిబంధనపై 2024 జనవరిలో లారీలు ఆగి, హైదరాబాద్ పెట్రోలు బంకుల ముందు క్యూలు కట్టినప్పుడు దేశమంతా చర్చించింది. ప్రభుత్వం ఆ నిబంధనను అమలు చేయకుండా ఆపింది. పరిహారపు గడువు గురించి ఆ స్థాయి గొడవ ఎవరూ చేయలేదు.

ఆరు నెలలు ఎలా గడిచిపోతాయో జిల్లా కోర్టుల్లో ఎం.వి.ఓ.పి.లు (మోటారు ప్రమాద పరిహార దరఖాస్తులు) వేసే న్యాయవాదులకు తెలుసు: ఛార్జిషీటు కోసం ఎదురుచూపు, వారసత్వ ధ్రువపత్రం, ఆపైన ఆసుపత్రి దగ్గరే పరిచయమై పరిహారంలో వాటా అడిగే మధ్యవర్తి. ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం న్యాయవాదికి బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం నిషిద్ధం. మహిళలు, పిల్లలు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు. భర్తను పోగొట్టుకున్న స్త్రీకి ఆ మాట చాలా సందర్భాల్లో ఎవరూ చెప్పరు. తప్పు నిరూపించనక్కరలేని 164వ సెక్షన్ కింద మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయాలకు 2.5 లక్షలు వస్తాయి కానీ, ఆ డబ్బు తీసుకుంటే 166 కింద పూర్తి పరిహారం అడిగే దరఖాస్తు రద్దవుతుంది.

మధ్యంతర ఉత్తర్వు ఉన్నంతకాలం ఆలస్యమైన దరఖాస్తులు ట్రైబ్యునళ్లలో నిలుస్తాయి. చివరికి గడువే చెల్లుతుందని తీర్పు వస్తే ఈలోగా దాఖలైనవాటి గతి ఏమిటన్నది, పోలీసు నివేదిక రానిచోట ఆరు నెలల లెక్క ఎవరి మీద వేయాలన్నది ఇంకా తేలవలసి ఉంది.